మోటారు లేదు, కరెంటు లేదు... రోమ్‌కి నీళ్లెలా వచ్చాయి?

రోమన్ అక్విడక్ట్ అంటే మనకి వెంటనే గుర్తొచ్చేది వరుసగా కమానులున్న ఎత్తైన రాతి వంతెన. కానీ అసలు పనంతా నేల కింద జరిగింది.

క్రీ.పూ. 312లో అప్పియస్ క్లాడియస్ రోమ్‌కి మొదటి నీటి కాలువ కట్టించాడు. పేరు ఆక్వా అప్పియా. సుమారు 16 కిలోమీటర్లు, దాదాపు అంతా భూమి లోపలే! తర్వాత వచ్చిన ఆక్వా మార్సియా 91 కిలోమీటర్లు. అందులోనూ 80 దాకా నేల కిందే. అలా అయితే ఎండ తగలదు, చెత్త పడదు, శత్రువు కంట్లో పడదు.

మరి పంపు లేకుండా నీళ్లు ఎలా కదిలాయి? నీరు పల్లమెరుగు అంటాం కదా, అదే సూత్రం. ఊట ఎత్తులో ఉంటుంది, ఊరు పల్లంలో ఉంటుంది. కానీ వాలు ఎక్కువైతే నీటి వేగానికి కాలువ కోసుకుపోతుంది. తక్కువైతే బురద పేరుకుంటుంది. ఫ్రాన్స్‌లో నీమ్ నగరానికి రోమన్లు తవ్విన కాలువ చూడండి. సుమారు 50 కిలోమీటర్ల దూరంలో నీరు దిగేది 12, 13 మీటర్లే. అంటే కిలోమీటరుకి సగటున జానెడు కంటే కాస్త ఎక్కువ! ఆ లెక్క తప్పకూడదు కాబట్టే, లోయ అడ్డొచ్చిన చోట కమానులు కట్టారు. దాదాపు 49 మీటర్ల ఎత్తున్న పాంట్ డు గార్డ్ వంతెన ఈ కాలువదే.

నీళ్లు ఊరికి చేరితే సరిపోతుందా? కాపాడుకోవాలి కదా. క్రీ.శ. 97లో రోమ్ నీటి సరఫరా బాధ్యత తీసుకున్న ఫ్రాంటినస్ దీని మీద ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. దారి పొడవునా పొలాలవాళ్లు కాలువకి కన్నాలు పెట్టేవాళ్లట. ఊళ్లోనేమో నీటి పనివాళ్లే దొంగ గొట్టాలు బిగించేవాళ్లట!

537లో గోత్‌లు రోమ్‌ని ముట్టడించి కాలువలు తెగ్గొట్టారు. స్నానశాలలు మూతపడ్డాయి. నీటితో తిరిగే పిండి మరలు ఆగిపోయాయి. అప్పుడు సేనాని బెలిసారియస్ టైబర్ నదిలో పడవల మధ్య మరలు కట్టించి, జనానికి పిండి ఆడించాడు.

గమనించారా? ఊటలు ఎండిపోలేదు. మధ్యలో దారి తెగింది, అంతే. క్రీ.పూ. 19లో అగ్రిప్పా కట్టించిన ఆక్వా విర్గోని మాత్రం తర్వాతి తరాలు బాగుచేసుకుంటూ వచ్చాయి. మీరు రీల్స్‌లో చూసే ట్రెవీ ఫౌంటెన్‌ని ఆ కాలువ చివరే కట్టారు.

కాలువ కట్టినవాళ్ల పేర్లు చరిత్రలో ఉన్నాయి. దాన్ని ఏటా శుభ్రం చేసి, పగుళ్లు పూడ్చినవాళ్ల పేర్లు లేవు. కానీ ఊరు నీళ్లు తాగింది వాళ్ల వల్లే.