ఓడామని ఒప్పుకోలేని రాజకీయం

గెలిచినవాడు గద్దెనెక్కడంలో విశేషం లేదు. ఓడినవాడు మారుమాట లేకుండా గద్దె దిగినప్పుడే ప్రజాస్వామ్యం బతికి ఉందని తెలుస్తుంది. అమెరికాకు ఈ పరీక్ష మొదటిసారి 1801లో ఎదురైంది. అంతకుముందు ఏడు జరిగిన ఎన్నికల్లో అధ్యక్షుడు జాన్ ఆడమ్స్ ఓడిపోయాడు. ఎదుటి పక్షంలోని థామస్ జెఫర్సన్‌కూ ఆరన్ బర్‌కూ చెరి 73 ఎలక్టోరల్ ఓట్లు రావడంతో వ్యవహారం ప్రతినిధుల సభకు వెళ్ళింది. అక్కడ 36వ విడత ఓటింగులో గానీ జెఫర్సన్ గెలుపు తేలలేదు. అవతలివాళ్ళు వస్తే దేశం సర్వనాశనమవుతుందని రెండు పక్షాలూ గట్టిగా నమ్మిన రోజులవి. అయినా మార్చి 4న, కొత్త అధ్యక్షుడి ప్రమాణ స్వీకారానికి కూడా ఆగకుండా, ఆడమ్స్ తెల్లవారుజామునే వాషింగ్టన్ విడిచి వెళ్ళిపోయాడు. మనసులో ఎంత కష్టమున్నా, ఓటమిని మాత్రం కాదనలేదు.

ఆ తర్వాతి రెండు శతాబ్దాలలో అమెరికా ప్రజాస్వామ్యానికి పెద్ద దెబ్బ తగిలిన సందర్భాలను చూస్తే, వాటి మూలంలో తరచూ ఆత్మవంచనే కనిపిస్తుంది. తెలిసి అబద్ధమాడేవాడికి నిజమేదో తెలుసు కాబట్టి అవసరమైతే వెనక్కి తగ్గగలడు. తన అబద్ధాన్ని తానే నమ్మినవాడికి ఆ దారి కూడా మూసుకుపోతుంది. అలాంటివాళ్ళను ఆపగలిగింది ఎక్కువసార్లు ప్రత్యర్థులు కారు. సొంత పక్షంలో ఉండి, సొంతవాళ్ళ ముఖాన నిజం చెప్పినవాళ్ళే ఆపారు.

అలా చెప్పేవాళ్ళు కరువైతే ఏమవుతుందో అమెరికా దక్షిణాది చరిత్రలో ఉంది. 1860లో అబ్రహాం లింకన్ గెలవగానే, ఆయన ప్రమాణ స్వీకారం చేసేలోపే ఏడు దక్షిణాది రాష్ట్రాలు విడిపోతున్నట్టు ప్రకటించాయి. తమ ఉనికి బానిసత్వ వ్యవస్థతో ముడిపడి ఉందని మిసిసిపీ తన 1861 ప్రకటనలో దాపరికం లేకుండా చెప్పింది. ఆరు లక్షలకు పైగా ప్రాణాలు తీసిన యుద్ధంలో ఓడాక మాత్రం కథ మారింది. తాము పోరాడింది బానిసత్వం కోసం కాదు, రాష్ట్రాల హక్కుల కోసమని దక్షిణాది తనకు తాను చెప్పుకుంది. ఎడ్వర్డ్ పొలార్డ్ 1866లో రాసిన పుస్తకంతో ఆ కథకు 'లాస్ట్ కాజ్' (ఓడిన ఆశయం) అన్న పేరు స్థిరపడింది.

ఆ కథ పుస్తకాలతో ఆగలేదు. 1876 అధ్యక్ష ఎన్నికల వివాదం తర్వాత దక్షిణాదిలో ఫెడరల్ సైన్యపు కాపలా తొలగింది. 1898 నవంబరులో నార్త్ కరోలినాలోని విల్మింగ్టన్‌లో, నల్లవారూ తెల్లవారూ కలిసి నడుపుతున్న నగర పాలకవర్గాన్ని సాయుధ మూక బలవంతంగా దింపేసింది. లూసియానాలో 1896లో 1,30,334 మంది నల్లజాతి ఓటర్లు నమోదై ఉండగా, ఆ రాష్ట్ర కొత్త రాజ్యాంగం పెట్టిన ఆంక్షల తర్వాత 1904 నాటికి 1,342 మంది మిగిలారు. లక్షమందికి పైగా ఓటు హక్కు కాజేసినవాళ్ళు తాము రాష్ట్రాన్ని ఉద్ధరించామనే చెప్పుకున్నారు. దీనికి గట్టి మందు పడటానికి 1965 నాటి ఓటు హక్కుల చట్టం దాకా ఆగవలసి వచ్చింది.

ఇరవయ్యో శతాబ్దంలో రెండు సందర్భాలు ఇంకో దారి చూపించాయి. 1950 ఫిబ్రవరిలో సెనేటర్ జోసెఫ్ మెకార్తీ విదేశాంగ శాఖ నిండా కమ్యూనిస్టులున్నారని మొదలుపెట్టిన ప్రచారం దేశాన్ని భయంతో ముంచింది. దాన్ని సభలో ముందుగా నిలదీసినవారిలో ఆయన రిపబ్లికన్ పార్టీకే చెందిన మార్గరెట్ చేజ్ స్మిత్ ఒకరు. భయాన్నీ ద్వేషాన్నీ ఆసరా చేసుకుని తన పార్టీ గెలవడం తనకు ఇష్టం లేదని ఆమె అదే ఏడాది జూన్ 1న తేల్చిచెప్పింది. 1954లో సెనేట్ 67-22 ఓట్లతో మెకార్తీని ఖండిస్తూ తీర్మానించినప్పుడు, ఓటేసిన రిపబ్లికన్లలో సరిగ్గా సగం మంది ఆ తీర్మానం వైపు నిలిచారు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1974 ఆగస్టు 7న, బారీ గోల్డ్‌వాటర్ సహా ముగ్గురు రిపబ్లికన్ పెద్దలు శ్వేతసౌధానికి వెళ్ళి, అభిశంసన నుంచి మిమ్మల్ని కాపాడేటన్ని ఓట్లు మన పార్టీలో కూడా లేవని రిచర్డ్ నిక్సన్‌కు చెప్పారు. రెండు రోజుల్లో ఆయన రాజీనామా చేశాడు.

ఈ రెండింటి నడుమ వియత్నాం యుద్ధం ఉంది. 1971లో ఆ యుద్ధంపై రక్షణ శాఖ రహస్యంగా ఉంచిన 'పెంటగాన్ పత్రాలు' బయటపడ్డాక రాజకీయ తత్త్వవేత్త హానా ఆరెంట్ వాటిని శ్రద్ధగా చదివి వ్యాసం రాసింది. వాస్తవ పరిస్థితి చెప్పే గూఢచారి నివేదికలు ప్రభుత్వం దగ్గరే ఉన్నా, నిర్ణయాలు తీసుకునేవాళ్ళు వాటిని ఖాతరు చేయలేదని ఆమె గమనించింది. ఇతరులను మోసగించడానికి ముందే వాళ్ళు తమను తాము మోసగించుకున్నారన్నది ఆమె నిర్ధారణ. 2003లో ఇరాక్‌లో లేని మారణాయుధాల కోసం యుద్ధానికి దిగినప్పుడు ఆ పాఠం ఎవరికీ గుర్తు రాలేదు.

2001 జనవరి 6 నాటి కాంగ్రెస్ ఉభయ సభల సమావేశాన్ని కూడా తలచుకోవాలి. ఫ్లోరిడాలో 537 ఓట్ల తేడాతో అధ్యక్ష పదవి పోగొట్టుకున్న అల్ గోర్, ఉపాధ్యక్షుడి హోదాలో తన ఓటమిని ప్రకటించే సభకు తానే అధ్యక్షత వహించాడు. ఆ ఫలితాన్ని ఒప్పుకునేది లేదంటూ సొంత పార్టీ సభ్యులు ఒకరి తర్వాత ఒకరు లేచారు. సెనేటర్ సంతకం లేనిదే అభ్యంతరం చెల్లదని అప్పటి నిబంధన. ఒక్క సెనేటరూ సంతకం పెట్టలేదు. తన తరఫున మాట్లాడుతున్నవాళ్ళను గోర్ స్వయంగా కూర్చోబెట్టాడు.

సరిగ్గా ఇరవై ఏళ్ళకు అదే తేదీన అదే కాంగ్రెస్ భవనం మీద మూక దాడి జరిగింది. 2020 ఎన్నికల్లో జో బైడెన్‌కు 306, డొనాల్డ్ ట్రంప్‌కు 232 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి. ట్రంప్ ఒప్పుకోలేదు. ఫలితాన్ని మార్చేంత మోసం కనబడలేదని ఆయన అటార్నీ జనరల్ విలియం బార్ చెప్పాడు. ట్రంప్ పక్షం వేసిన అరవైకి పైగా దావాల్లో దాదాపు అన్నీ వీగిపోయాయి. 11,780 ఓట్లు వెతికిపెట్టమని ట్రంప్ ఫోనులో అడిగితే, జార్జియా ఎన్నికల అధికారి బ్రాడ్ రాఫెన్స్‌పెర్గర్ లెక్క సరిగ్గానే ఉందని బదులిచ్చాడు. ఉపాధ్యక్షుడు మైక్ పెన్స్ ఫలితాన్ని తిరగరాయడానికి నిరాకరించాడు. వీళ్ళందరూ రిపబ్లికన్లే. దాడి జరిగిన రాత్రే సభ మళ్ళీ కూడి, తెల్లవారుజామున బైడెన్ గెలుపును ధ్రువీకరించింది. అప్పుడు కూడా 147 మంది రిపబ్లికన్ సభ్యులు అభ్యంతరానికే ఓటేశారు. ఇంతమంది అనుమానపడుతున్నారంటే ఏదో ఉండే ఉంటుందని కొందరు వాదించారు. నిప్పు లేనిదే పొగ రాదన్న సామెత వాళ్ళకు సాక్ష్యమైపోయింది. అనుమానం పుట్టించినవాళ్ళే ఆ అనుమానాన్ని రుజువుగా చూపించారు.

ఆ నమ్మకం ఎంత దూరం వెళ్ళిందో 2021లో ఫీనిక్స్ నగరంలోని ఒక క్రీడా ప్రాంగణంలో కనబడింది. అరిజోనా సెనేట్‌లోని రిపబ్లికన్లు ఒక ప్రైవేటు సంస్థ చేత సుమారు 21 లక్షల బ్యాలెట్లను మళ్ళీ లెక్కపెట్టించారు. బ్యాలెట్లు ఆసియా నుంచి దొంగచాటుగా వచ్చాయన్న పుకారుతో కాగితంలో వెదురు పీచు ఉందేమోనని కూడా వెతికారు. నెలల తరబడి లెక్కపెట్టాక బైడెన్‌కు 99 ఓట్లు పెరిగాయి, ట్రంప్‌కు 261 తగ్గాయి. అయినా నమ్మినవాళ్ళలో చాలామంది నమ్మకం సడలలేదు. ఈ కథతో వ్యాపారం చేసినవాళ్ళూ ఉన్నారు. ఫాక్స్ న్యూస్ తెరమీద వినిపించిన ఆరోపణలను ఆ సంస్థలోని ప్రముఖులే లోపల నమ్మలేదని కోర్టుకు చేరిన సందేశాల్లో బయటపడింది. ఓటింగు యంత్రాల కంపెనీ డొమినియన్ వేసిన ఆ పరువునష్టం దావాను ఫాక్స్ 2023లో 78.75 కోట్ల డాలర్లు చెల్లించి పరిష్కరించుకుంది.

అసలు నష్టం ఆ తర్వాత జరిగింది. 2021 జనవరిలో ట్రంప్ అభిశంసనకు ఓటేసిన పదిమంది రిపబ్లికన్ ప్రతినిధుల్లో 2022 ఎన్నికల తర్వాత సభలో మిగిలింది ఇద్దరే. ఆ పదిమందిలో ఒకరైన లిజ్ చేనీ మొదట పార్టీ పదవినీ తర్వాత స్థానాన్నీ పోగొట్టుకుంది. ముఖాన నిజం చెప్పేవాళ్ళను పార్టీ ఏరిపారేసుకుంది. ట్రంప్ 2024లో 312 ఎలక్టోరల్ ఓట్లతో తిరిగి గెలిచాడు. పదవి చేపట్టిన రోజే, జనవరి 6 దాడికి సంబంధించిన కేసుల్లో సుమారు 1,500 మందికి క్షమాభిక్ష పెట్టాడు.

ఆత్మవంచన ఒక్క పార్టీ సొత్తేమీ కాదు. బైడెన్ వయసు గురించి ఓటర్లు బాహాటంగా అంటున్నా డెమొక్రాటిక్ నాయకత్వం చెవిన పెట్టలేదు. ఆ మాట పైకి అని పోటీకి దిగిన సొంత పార్టీ ప్రతినిధి డీన్ ఫిలిప్స్‌ను లెక్కచేయలేదు. 2024 జూన్ 27 చర్చలో దేశమంతా కళ్ళారా చూశాక గానీ కదలలేదు. జూలై 21న బైడెన్ తప్పుకునేసరికి పుణ్యకాలం గడిచిపోయింది. అయితే ఈ రెండు తప్పులనూ ఒకే త్రాసులో తూచకూడదు. ఒకటి ఎన్నికలో ఓడించింది, మరొకటి ఎన్నికనే కాదనాలని చూసింది. 2025 జనవరి 6న, బైడెన్ బదులు పోటీచేసి ఓడిన ఉపాధ్యక్షురాలు కమలా హారిస్ కూడా గోర్ లాగే సభలో కూర్చుని తన ఓటమిని తానే ప్రకటించింది.

2022 చివర్లో ఓట్ల ధ్రువీకరణ చట్టాన్ని కాంగ్రెస్ సవరించింది. ఉపాధ్యక్షుడి పాత్ర లాంఛనమేనని స్పష్టం చేసింది. మంచి పనే. కానీ సొంత పక్షానికి ఎదురు నిలిచే ధైర్యాన్ని ఏ చట్టమూ ఇవ్వలేదు. అది ఓటర్లు ఇవ్వవలసింది. జార్జియాలో రాఫెన్స్‌పెర్గర్‌ను ఓడించాలని ట్రంప్ పట్టుబట్టినా, 2022 రిపబ్లికన్ ప్రాథమిక ఎన్నికలో ఓటర్లు ఆయన్నే గెలిపించారు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓటేస్తున్న మన తెలుగువారితో సహా అక్కడి ప్రతి ఓటరూ పట్టుకోవలసిన దారి ఇదే. తన పార్టీలో నిజం చెప్పినవాణ్ణి శిక్షించకుండా కాపాడుకోవాలి. ఆ పని రెండు పార్టీల ఓటర్లూ చేసినంతకాలం, ఏ నాయకుడు ఓటమిని కాదన్నా ఆ దేశంలో ఓటుకు విలువ ఉంటుంది.