పరిశుద్ధాత్మ అంటే ఎవరు? క్రైస్తవ విశ్వాసం ఏమంటుంది?

ఈస్టర్ ఆదివారంతో కలిపి లెక్కిస్తే యాభయ్యో రోజున క్రైస్తవులు పెంతెకొస్తు పండుగ జరుపుకుంటారు. క్రిస్మస్‌కు ఉన్న దీపాల సందడి గాని, గుడ్ ఫ్రైడేకు ఉన్న సెలవు గాని దీనికి లేవు. అందుచేత ఇతర మతస్థులలో చాలామందికి ఇది పండుగగా కంటే కొన్ని సంఘాల పేరుగానే పరిచయం. అయినా క్రైస్తవ సంఘం పుట్టినదిగా విశ్వాసులు తలచేది ఈ రోజునే. యేసు శిష్యులపైకి పరిశుద్ధాత్మ దిగివచ్చిన రోజు ఇదేనని వారి నమ్మకం.

కొత్త నిబంధనలోని అపొస్తలుల కార్యములు అనే గ్రంథం ఆ ఘటనను ఇలా వివరిస్తుంది. యెరూషలేములో శిష్యులు ఒకచోట కూడి ఉండగా పెనుగాలి వీచినట్టు ధ్వని వినిపించింది. అగ్నిజ్వాలల వంటి నాలుకలు ఒక్కొక్కరి మీద నిలిచాయి. గలిలయ ప్రాంతపు సామాన్యులు మాట్లాడుతుంటే, వేర్వేరు దేశాల నుంచి వచ్చిన యాత్రికులకు ఎవరి భాషలో వారికి ఆ మాటలు వినిపించాయి. విన్నవారిలో కొందరు విస్తుపోయారు. మరికొందరు వీళ్లు మద్యం మత్తులో ఉన్నారని ఎగతాళి చేశారు. ఇంకా ఉదయం తొమ్మిది గంటల వేళే కదా, తాగి ఉండటమేమిటని పేతురు సంజాయిషీ చెప్పుకోవలసి వచ్చింది. ఒకే దృశ్యానికి రెండు వ్యాఖ్యానాలు తొలినాడే మొదలయ్యాయన్నమాట. ఇది దైవకార్యమా, మానవ ఉద్వేగమా అన్న ప్రశ్న ఆనాటి నుంచి ఈ విశ్వాసాన్ని విడిచిపెట్టలేదు.

ఒక మాట, అనేక అర్థాలు

హీబ్రూలో 'రూఅహ్', గ్రీకులో 'న్యూమా' అనే పదాలకు గాలి, ఊపిరి, ఆత్మ అనే మూడు అర్థాలూ ఉన్నాయి. తెలుగులో అంతటి విస్తృతి గల ఏకపదం లేదు. 'ఆత్మ' అన్న మాటకు మన తత్త్వశాస్త్రంలో వేరే చరిత్ర ఉంది. అది జీవుని అంతఃస్వరూపం; అద్వైతుల దృష్టిలో బ్రహ్మానికి అభిన్నం. క్రైస్తవం చెప్పే పరిశుద్ధాత్మ మనిషి సొంత ఆత్మ కాదు. సృష్టికర్త అయిన దేవుడే మనిషిలో నివసించడానికి రావడం. ఇక వాడుకలోనూ సినిమాల్లోనూ ఆత్మ అంటే దయ్యమనే అర్థం స్థిరపడింది. ముందున్న విశేషణం జారిపోతే వార్తలో అర్థమే మారిపోతుందని వార్తా విభాగాలలో పనిచేసేవారికి వేరే చెప్పనక్కరలేదు.

ఆ విశేషణంలోనూ తేడా ఉంది. తెలుగు ప్రొటెస్టెంట్లు 'పరిశుద్ధాత్మ' అంటారు, కతోలికులు 'పవిత్రాత్మ' అంటారు. సర్వనామం విషయంలో మాత్రం ఉభయులదీ ఒకే మాట. అది అనరు, 'ఆయన' అంటారు. పరిశుద్ధాత్మ కేవలం ఒక శక్తి కాదు, తండ్రి, కుమారులతో సమానుడైన వ్యక్తి అనే సిద్ధాంతం ఆ చిన్న పదంలో ఇమిడి ఉంది. సిరియాక్ భాషలో ఇదే పదం స్త్రీలింగం. అందువల్ల నాలుగో శతాబ్దపు సిరియాక్ రచయిత అఫ్రహత్ వంటివారు ఆత్మను తల్లిగా సంభావించారు. ఆ భాషా సంప్రదాయాన్ని ఆరాధనలో నిలుపుకున్న కేరళ సిరియన్ సంఘాల్లో, పురోహితుడు రొట్టె, ద్రాక్షారసాలపై చేతులను రెక్కలవలె కదిలిస్తూ ఆత్మను ఆహ్వానించే ఘట్టం నేటికీ చూడవచ్చు.

సమానుడైన వ్యక్తి అన్న నిర్ణయం ఒక్కనాటిది కాదు. 325లో నైసియాలో సమావేశమైన మతాచార్యుల దృష్టి ప్రధానంగా క్రీస్తు దైవత్వంపై ఉంది. పరిశుద్ధాత్మను విశ్వసిస్తున్నామన్న ఒక్క మాటతో వారు సరిపెట్టారు. తర్వాత ఆత్మ దైవత్వాన్నే నిరాకరించిన పక్షం తలెత్తినప్పుడు, కైసరియా బిషప్ బాసిల్ దానికి ప్రతివాదంగా ఒక ప్రత్యేక గ్రంథం రాశాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ మహాసభ, ఆత్మ జీవప్రదాత అని, తండ్రి నుంచి బయలుదేరేవాడని ప్రకటించింది. పాశ్చాత్య సంఘాలు కాలక్రమంలో దానికి 'కుమారుని నుంచి కూడా' అన్న మాట చేర్చాయి. తూర్పు సంఘాలు అంగీకరించలేదు. 1054లో రోము, కాన్‌స్టాంటినోపుల్ పరస్పరం వెలివేసుకోవడానికి గల కారణాలలో ఇదీ ఒకటి. ఐక్యతనిచ్చేవాడని కీర్తించే ఆత్మ గురించే ఇంతటి చీలిక రావడం మతచరిత్రలోని వైచిత్రి.

విశ్వాసి జీవితంలో

సామాన్య విశ్వాసికి ఈ వాదాలతో పని తక్కువ. అతనికి పరిశుద్ధాత్మ ఆదరణకర్త. తప్పు చేసినప్పుడు మనస్సాక్షిని కదిలించేవాడు, ప్రార్థించడానికి మాటలు దొరకనప్పుడు తోడు నిలిచేవాడు. కతోలికులు బాప్తిస్మం తర్వాత 'భద్రమైన అభ్యంగనం' అనే సంస్కారం ద్వారా ఆత్మ వరాలు స్థిరపడతాయంటారు. సిరియన్ సంఘాలు పసిబిడ్డకు బాప్తిస్మంతో పాటే పవిత్ర తైలం పూస్తాయి. పెంతెకొస్తు సంఘాలు మారుమనస్సు తర్వాత 'ఆత్మ బాప్తిస్మం' అనే వేరొక అనుభవం ఉంటుందని బోధిస్తాయి. వాటిలో అనేకం అన్యభాషలలో మాట్లాడటాన్ని దానికి గుర్తుగా భావిస్తాయి. ఇంతకీ ఆ గుర్తు తప్పనిసరియా? ఈ ప్రశ్నపై జరిగిన చర్చలో భారతదేశానికి విశిష్టమైన స్థానం ఉంది.

పూణెకు సమీపంలోని కేడ్గావ్‌లో పండిత రమాబాయి స్థాపించిన ముక్తి మిషన్ అందుకు వేదిక. సంస్కృత పాండిత్యానికి కలకత్తా పండితుల చేత 'పండిత', 'సరస్వతి' బిరుదులు పొందిన రమాబాయి, 1883లో ఇంగ్లండులో క్రైస్తవం స్వీకరించారు. వితంతువులను, కరవుల్లో దిక్కులేనివారైన బాలికలను వందల సంఖ్యలో ముక్తిలో చేర్చుకున్నారు. వేల్స్‌లోను, ఖాసీ కొండల్లోను వచ్చిన ఉజ్జీవ వార్తలు విని, అక్కడి బాలికలు 1905లో ప్రతిరోజూ ప్రార్థనకు కూడటం ప్రారంభించారు. జూన్ చివర ఒక రాత్రి ఒక యువతి తనపై అగ్ని దిగినట్టు కేకవేయగా, పక్కనున్నామె నిజంగానే నిప్పంటుకున్నదనుకొని నీళ్ల బకెట్ కోసం పరుగెత్తిందని నాటి కథనాలు చెబుతాయి. ఆపైన బిగ్గరగా ఏడ్చి పాపాలు ఒప్పుకోవడం, గంటల తరబడి ప్రార్థించడం, మరికొంత కాలానికి తెలియని భాషలలో మాట్లాడటం జరిగాయి.

ప్రపంచ పెంతెకొస్తు ఉద్యమానికి జన్మస్థలంగా సాధారణంగా లాస్ ఏంజిలెస్‌లోని అజూసా వీధిని పేర్కొంటారు. బానిసల సంతతికి చెందిన విలియం సేమౌర్ అక్కడ సభలు ప్రారంభించినది 1906లో. ముక్తి ఉజ్జీవం అంతకు ముందరిది. పైగా దాని ప్రభావం దేశపు ఎల్లలు దాటింది. రమాబాయి సహచరి మిన్నీ ఏబ్రమ్స్ ఈ అనుభవాలపై రాసిన చిన్న పుస్తకం దక్షిణ అమెరికాలోని చిలీకి చేరి, 1909లో వల్పరైసో నగరంలో తలెత్తిన ఉద్యమానికి ప్రేరణలలో ఒకటైంది. కరవు నుంచి బతికి బయటపడిన మరాఠీ బాలికల ప్రార్థన అంత దూరం ప్రయాణించింది.

అన్యభాషల విషయంలో రమాబాయి వైఖరి గమనించదగినది. ఆమె వాటిని అణచివేయలేదు. అవి లేనివారికి ఆత్మ లేదనీ అనలేదు. ముక్తిలో ఉజ్జీవం పొందిన బాలికలు జట్లుగా చుట్టుపక్కల గ్రామాలకు వెళ్లి బోధించారు. అర్చకత్వం సంగతి అటుంచి, సభలో నోరెత్తే అవకాశమే లేని స్త్రీలు ఆత్మ పేరిట వక్తలయ్యారు. ఈ కోణాన్ని చరిత్రకారులు ఆలస్యంగా గుర్తించారనే చెప్పాలి.

తెలుగు నేలపైకి ఈ ధోరణి ప్రధానంగా కేరళ నుంచి వచ్చింది. అక్కడ రూపుదిద్దుకున్న ఇండియన్ పెంతెకొస్తు సంఘం 1935లో నమోదైనది ఏలూరులో. మరొక తెలుగువాడు పూర్తిగా భిన్నమైన దారిలో ఆలోచించాడు. నెల్లూరులో జన్మించి, పుదుక్కోట సంస్థానంలో ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన పాండిపెద్ది చెంచయ్య, పరిశుద్ధాత్మను సృష్టిలోకి ప్రవేశించిన నూతన శక్తిగా వర్ణించాడు. సంఘ వ్యవస్థ కంటే ఆ శక్తి వల్ల మనిషి కొత్త సృష్టిగా మారడమే ముఖ్యమన్నాడు. ఆయన బంధువు, మద్రాసు మేయరుగా పనిచేసిన వి. చక్కరై, క్రీస్తే అంతర్యామిగా విశ్వాసులలో కొనసాగడమే పరిశుద్ధాత్మ అని ప్రతిపాదించాడు. తండ్రి, కుమారుడు, ఆత్మ అనే విభజనను ఇది చెరిపివేస్తున్నదని విమర్శ వచ్చినా, 'ఆత్మ' అన్న మాటకున్న భారతీయ అర్థాన్ని తప్పించుకోకుండా ఎదుర్కొన్నవారు వీరే.

ఆత్మ పేరిట ఎవరేమన్నా నమ్మవలసిందేనా? తొలి శతాబ్దంలోనే కొరింథు సంఘంలో ఈ చిక్కు వచ్చింది. అందరూ ఒక్కసారిగా అన్యభాషలలో మాట్లాడటంతో సభ గందరగోళమైంది. పౌలు వారికి రాసిన లేఖలో వరాలను నిషేధించలేదు, నియమం పెట్టాడు. ఇద్దరు, మహా అయితే ముగ్గురు, అదీ ఒకరి తర్వాత ఒకరు మాట్లాడాలి. అర్థం చెప్పేవారు ఒకరు ఉండాలి, లేకపోతే సభలో మౌనం వహించాలి. ప్రవచనం పలికితే తక్కినవారు దానిని వివేచించాలి. గలతీయులకు రాసిన మరో లేఖలో ప్రేమ, శాంతి, దయ, ఆత్మనిగ్రహం వంటివాటిని ఆత్మ ఫలంగా పేర్కొన్నాడు. స్వస్థత ప్రార్థనల విషయంలోనూ ఈ వివేచన అవసరమైంది. ప్రార్థిస్తూనే వైద్యం కొనసాగించాలనే సంఘాలు ఉన్నాయి, మందు మానడమే విశ్వాసమనే బోధకులూ ఉన్నారు. బోధకుని మాట మీద మందులు ఆపేసినప్పుడు నష్టపోయేది రోగి. పౌలు పెట్టిన నియమాలను ఎంతవరకు పాటిస్తారన్నది నేటికీ సంఘానికొక తీరుగా ఉంది. కొన్నిచోట్ల అర్థం చెప్పేవారు లేచి నిలబడేదాకా సభ ఆగుతుంది. మరికొన్నిచోట్ల వందలాది మంది ఒక్కసారిగా గొంతెత్తి ప్రార్థిస్తారు.