నాలుగు పెన్సిల్ బ్యాటరీలు

మా ఇంట్లో ఈమధ్య రోజూ గ్రాఫిక్స్ కార్డు గొడవే. ఏ కార్డు పెడితే ఆట ఎంత బాగా కనిపిస్తుందో మా వాడు లెక్కలు చెబుతాడు. ధర వినగానే వాళ్ళ నాన్న పేపరు అడ్డం పెట్టుకుంటారు. వాళ్ళిద్దరి పుణ్యమా అని నేనూ ఈ ఆటల యంత్రాల చరిత్ర కాస్త చదివాను. చదివాక నాకు తోచింది ఇదీ: యంత్రం ఎలాంటిదన్నదాన్ని బట్టే ఇంట్లో ఆట ఎవరి చేతికి అందుతుందో తేలిపోతుంది.

మన అష్టాచెమ్మా సంగతే చూడండి. నాలుగు గవ్వలు, అవి లేకపోతే చింతపిక్కలు, గడులు గీయడానికి ఓ సుద్దముక్క. అంతే కదా! అందుకే మధ్యాహ్నం అన్నాలయ్యాక అత్తలూ పిన్నులూ కూర్చుని ఆడగలిగారు. పొయ్యి మీద పాలు గుర్తొస్తే లేచి వెళ్ళేవారు, వచ్చి మళ్ళీ అక్కడినుంచే అందుకునేవారు.

టీవీకి తగిలించే వీడియో గేమ్‌కి ఆ వెసులుబాటు లేదు. జపాన్‌లో 1983లో నింటెండో వారి ఫ్యామికామ్ వచ్చింది. ఆడాలంటే హాల్లో టీవీ ఖాళీగా ఉండాలి. హాల్లో టీవీ ఎవరి చేతుల్లో ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ లెక్క మార్చినాయన గున్‌పెయ్ యొకోయ్. నింటెండో 1889లో క్యోటోలో హనాఫుడా అనే పూల బొమ్మల పేకముక్కలు చేసే సంస్థగా పుట్టింది. 1965లో యొకోయ్ అక్కడ చేరింది ఆ ముక్కలు తయారుచేసే యంత్రాల బాగోగులు చూడటానికి. సరదాకి చేసుకున్న ఒక సాగే చేతిని చూసి యజమాని యమౌచి దాన్ని బొమ్మగా అమ్మకానికి పెట్టించారు. అలా ఆయన బొమ్మల తయారీలోకి వచ్చారు. తర్వాత ఓసారి రైల్లో ఒకాయన పొద్దుపోక క్యాలిక్యులేటర్ మీటలు నొక్కుకుంటూ కూర్చోవడం చూశారట. 1980లో వచ్చిన గేమ్ అండ్ వాచ్‌కి ఆలోచన అక్కడే పుట్టిందని చెబుతారు. అప్పటికి క్యాలిక్యులేటర్ తెరలు బాగా చవకైపోయాయి. జేబులో పట్టే ఆటకి అవే తెరలు వాడారు.

1982లో ఇంకో చిక్కు వచ్చింది. డాంకీ కాంగ్ ఆటని పుస్తకంలా మడిచే చిన్న పెట్టెలో పెట్టాలి. నిలువుగా లేచి ఉండే కర్ర పెడితే పెట్టె మూతపడదు. యొకోయ్ చదునుగా ఉండే కూడిక గుర్తు ఆకారపు మీట పెట్టారు. కిందికి చూడకుండా బొటనవేలితోనే నాలుగు దిక్కులా నడపొచ్చు. ఈరోజు మా వాడి చేతిలో ఉన్న కంట్రోలర్ మీద కూడా ఆ కూడిక గుర్తు ఉంది!

ఇక 1989లో గేమ్ బాయ్. నాలుగు పెన్సిల్ బ్యాటరీలు, పచ్చటి తెర మీద నాలుగే ఛాయలు, రంగుల్లేవు, తెర వెనక వెలుగూ లేదు. దీపం దగ్గర కూర్చుని ఆడాల్సిందే. అదే ఏడు అటారీ వారి లింక్స్ రంగుల తెరతో వచ్చింది. మరుసటి ఏడు సెగా వారి గేమ్ గేర్ కూడా రంగులతోనే వచ్చింది. చూడటానికి అవే గొప్ప. కానీ ఒక్కోదానికి ఆరేసి బ్యాటరీలు కావాలి, అవి నాలుగైదు గంటల్లో అయిపోయేవి. గేమ్ బాయ్ నాలుగింటితోనే సుమారు 15 గంటలు నడిచేది. అమెరికాలో దాని ధర దాదాపు 90 డాలర్లు, లింక్స్ ధర అందుకు రెట్టింపు. బ్యాటరీలు కొనే తల్లి ఏది ఎంచుకుంటుంది?

బాగా పాతబడి, చవకై, గుట్టుమట్లన్నీ తెలిసిపోయిన పరిజ్ఞానాన్ని కొత్త పనికి వాడటం యొకోయ్ పద్ధతి. దానికి ఆయన వాడిన జపనీస్ మాటకి ఎండిపోయినది అని అర్థం. పొయ్యి రాజేసిన చేతులకి ఇది కొత్త విషయమేం కాదు. పచ్చికట్టె పొగ చూరుతుంది, ఎండుకట్టే మండుతుంది.

ఆ తెరకి ఒక లోపం ఉంది. వేగంగా కదిలే బొమ్మలు అలుక్కుపోయినట్టు కనిపించేవి. దానికి సరిగ్గా సరిపోయే ఆట మాస్కో నుంచి దొరికింది. 1984లో అలెక్సీ పజిట్నోవ్ టెట్రిస్ రాసిన కంప్యూటర్‌కి బొమ్మలు గీయడమే రాదు. అక్షరాల మధ్య వాడే బ్రాకెట్లతోనే ఇటుకలు చూపించాడాయన. అంత పేదింట్లో పుట్టిన ఆటకి నాలుగు ఛాయలే మహాభాగ్యం. మగపిల్లలు మాత్రమే ఆడితే చాలనుకుంటే మారియో ఇవ్వండి, అందరూ ఆడాలంటే టెట్రిస్ ఇవ్వండి అని హెంక్ రోజర్స్ నింటెండో అమెరికా శాఖ పెద్దని ఒప్పించారు. అక్కడ గేమ్ బాయ్‌తో పాటు పెట్టెలోనే టెట్రిస్ ఇచ్చారు.

ఫలితం చూడండి. 1995లో నింటెండో అమెరికా శాఖ చెప్పిన లెక్క ప్రకారం గేమ్ బాయ్ ఆడేవాళ్ళలో 46 శాతం ఆడవాళ్ళు. అదే సంస్థ టీవీ యంత్రాల్లో మొదటిదానికి 29 శాతం, తర్వాతిదానికి 14 శాతమే. టీవీ యంత్రం బొమ్మలు మెరుగుపడ్డాయి, ఆడవాళ్ళు తగ్గారు! కారణాలు ఇంకా ఉండొచ్చు గానీ, నా మటుకు నాకు హాలూ టీవీయే కనిపిస్తున్నాయి.

మన ఊళ్ళకి గేమ్ బాయ్ పెద్దగా రాలేదు. దాని నీడలాంటి బ్రిక్ గేమ్ మాత్రం తొంభైల్లో తిరునాళ్ళలోనూ ఎగ్జిబిషన్లలోనూ దొరికేది. మా పెద్దమ్మ దాన్ని వంటగట్టు మీద పెట్టుకునేది. పప్పు కుక్కరు మూడు విజిళ్ళలోపు ఒక ఆట. పిల్లలం అడిగితే "నా ఆట అవ్వనీండే" అనేది. ఆవిడ నోట "నా" అన్న మాట నగల విషయంలో కూడా నేను వినలేదు.

యొకోయ్ అన్నిసార్లూ నెగ్గలేదు. 1995లో వర్చువల్ బాయ్ చేశారు. చవకని ఎరుపు దీపాలే వాడారు, కాబట్టి బొమ్మంతా నలుపు మీద ఎరుపు. బల్ల మీద పెట్టి, కళ్ళద్దాల పెట్టెలో మొహం దూర్చి ఆడాలి. పక్కన ఎవరున్నారో తెలియదు, పిలిస్తే తలెత్తడానికి లేదు. పైగా ఆరు బ్యాటరీలు. ఏడాదిలోపే ఆపేశారు. 1996లో ఆయన నింటెండో వదిలి సొంత సంస్థ పెట్టుకున్నారు. 1997లో రోడ్డు ప్రమాదంలో పోయారు.

గేమ్ బాయ్, ఆ తర్వాత వచ్చిన దాని రంగుల రూపం కలిపి 11 కోట్ల 80 లక్షలకు పైగా అమ్ముడయ్యాయి. చివరి రోజుల్లో ఆయన బందాయ్ సంస్థ కోసం పనిచేసిన వండర్‌స్వాన్ 1999లో మార్కెట్లోకి వచ్చింది. అది నడవడానికి ఒక్క పెన్సిల్ బ్యాటరీ చాలు.