చెరువు తెగినచో బాధ్యత యెవరిది?

ఒకరి స్థలమువలన మరొకరికి కీడు కలిగినచో నష్టము భరింపవలసినవా డెవడు? ఇంగ్లండు న్యాయస్థానములు చాలకాలము వచ్చినవాని తరగతిని బట్టి దీనికి సమాధానము చెప్పినవి. పనిమీద వచ్చినవాడు, అనుమతితో వచ్చినవాడు, చొరబడినవాడు - ఒక్కొక్కనికి ఒక్కొక్క పాటి జాగ్రత్త. 1866లో తీర్పైన ఒక వ్యాజ్యమున, లండనులోని పంచదార కర్మాగారమునకు గ్యాసు అమరిక చూడబోయిన పనివాడు అడ్డుకట్ట లేని రంధ్రమునుండి క్రింది అంతస్తునకు పడి గాయపడెను. పనిమీద వచ్చినవానిని అట్టి అపాయమునుండి కాపాడుట యజమాని విధియని తీర్పు. 1957 నాటి శాసనము అక్కడ మొదటి రెండు తరగతులను కలిపివేసినది. మనకట్టి శాసనము లేదు. ఇంగ్లీషు సూత్రములను మన దేశస్థితికి తగునా యని విచారించియే మన న్యాయస్థానములు గ్రహింపవలెను.

అట్టి విచారణ తెలుగువారి చెరువుగట్టుమీదనే యొకప్పుడు జరిగినది. అందు దెబ్బతిన్నది లోనికి వచ్చిన అతిథి కాదు, ప్రక్కనుండి పోవు రైలుమార్గము. నేడు చిత్తూరు జిల్లాలోనున్న కార్వేటినగరము ఆనాడు ఉత్తర ఆర్కాడు జిల్లాలోని జమీందారీ. భారీ వర్షములకు అచటి చెరువులు తెగి, ఆ నీరు మద్రాసు రైల్వే కంపెనీవారి వంతెనలను పాడుచేసినది. కంపెనీవారు జమీందారుపై దావా వేసిరి.

వారి చేత బలమైన ఆయుధమే యుండెను. లంకాషైరులో రైలాండ్సు అను మిల్లుదారు కట్టించిన జలాశయమునుండి నీరు పొరుగువాని బొగ్గుగనిలోనికి దిగగా, అజాగ్రత్త లేకున్నను అతడే బాధ్యుడని 1868లో ప్రభువుల సభ తీర్పు చెప్పినది. తన భూమిపై కీడుచేయు వస్తువును నిలువజేసినవాడు అది తప్పించుకొనిపోయినచో నష్టమీయవలెననుట ఆ సూత్రము. చెరువునీరు మాత్రము వేరా?

వేరే యని 1874లో లండనులోని ప్రీవీ కౌన్సిలు చెప్పినది. రైలాండ్సు తన మిల్లు లాభమునకై జలాశయము కట్టుకొనెను. చెరువులన్ననో, చరిత్రకందని కాలమునుండి ప్రజల జీవనమునకు ఆధారములు. వానిని పూడ్చివేయు హక్కు జమీందారునకు లేదు. మరమ్మతు చేయించి నిలుపుట అతని విధి. తగిన జాగ్రత్తలన్నియు తీసికొనినట్లు క్రింది న్యాయస్థానములు తేల్చినవి గావున కంపెనీవారికి నష్టపరిహారము దక్కలేదు.

నా మట్టుకు ఇది సరియైన తీర్పే. గట్టు తెగిన ప్రతిసారి దండుగ కట్టవలసినచో చెరువు నుంచుకొన సాహసించువా డెవడు? మాకవరపాలెమునుండి కార్వేటినగరము వరకు, వాననీరు నిలిపి పైరు పండించుకొను రైతు కది బాగుగా తెలియును. కాని తీర్పు యావత్తు ‘జాగ్రత్త’ అను నొక్క మాటపై నిలిచియున్నదని మరువరాదు. కలుజు పూడియుండి, గట్టున తూములు శిథిలమైయుండి తెగిన చెరువునకు ఈ రక్షణ చెల్లదు. 1948 నాటి ఎస్టేటుల రద్దు శాసనముతో జమీందారీ చెరువులు ప్రభుత్వము వశమైనవి. వానితోపాటు మరమ్మతు భారమును.

స్వలాభమునకై అపాయకరమైన వస్తువును నిలువచేయువారి విషయమున మన న్యాయము రైలాండ్సు తీర్పునుగూడ దాటిపోయినది. ఢిల్లీలో ఓలియం వాయువు వెలువడిన వ్యాజ్యమున 1986 డిసెంబరులో సుప్రీంకోర్టు, అట్టి పరిశ్రమకు దైవికమను సాకు పనికిరాదని నిర్ణయించినది. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణపు వెంకటాపురములోని ఎల్.జి. పాలిమర్సు కర్మాగారమునుండి స్టైరీను ఆవిరి నిద్రించుచున్న ఇండ్లపై బడి ప్రాణములు తీసినప్పుడు, మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునలు 50 కోట్ల రూపాయలు ముందుగా జమకట్టవలసినదని ఆ కంపెనీని ఆదేశించినది.