అక్క ఎముకల చరిత్ర

రెండేళ్ళ కిందట సంక్రాంతి పనుల్లో మా అక్క పెరట్లో బట్టలారేస్తూ జారిపడింది. మేడ మీంచి పడలేదు, బండి గుద్దలేదు. నిలుచున్నచోటే తూలి నేలకి చెయ్యి ఆనించింది. మణికట్టు విరిగింది. అప్పటికి అక్కకి 52 ఏళ్ళు.

కట్టు కట్టిన డాక్టరు డెక్సా పరీక్ష రాశాడు. బల్లమీద పడుకోబెట్టి రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలని నడుం లోంచీ, తుంటి లోంచీ పంపిస్తారు. ఎముకలో ఖనిజం ఎంతుందో అవి లెక్క చెప్తాయి. చేతికొచ్చిన కాగితంలో టి స్కోరు మైనస్ 3.1 అని ఉంది. "ఎముకలు గుల్లబారాయమ్మా, వయసు కదా" అన్నాడాయన.

బస్సులో తిరిగొస్తుంటే అక్క అంది, "అన్నీ అడిగారు గానీ నా పెద్దాపరేషన్ సంగతి ఎవరూ అడగలేదే."

అక్క 33వ ఏట తెల్లబట్ట, నడుంనొప్పి అని పట్నంలో ఒక నర్సింగ్‌హోమ్‌కి వెళ్ళింది. క్యాన్సర్ అవుతుందని భయపెట్టి గర్భసంచి తీసేశారు. ఇంటికెళ్ళాక ట్రంకుపెట్టె అడుగున దాచిన ఆనాటి డిశ్చార్జి కాగితం చదివాను. గర్భసంచితో పాటు రెండు అండాశయాలూ తీసేశారని అందులో ఉంది. 19 ఏళ్ళుగా ఆ కాగితం తన పెట్టెలోనే ఉన్నా అక్కకి ఆ విషయం తెలీదు. అది ఇంగ్లీషులో ఉంది మరి.

ఆ రాత్రి నించి ఈ జబ్బు చరిత్ర చదవడం మొదలుపెట్టాను.

ఎముక రాయి లాంటిదని మనం అనుకుంటాం. కానీ అది రోజూ కొంత కరుగుతూ, కొంత కొత్తగా పేరుకుంటూ ఉంటుంది. కరిగించే కణాలు హద్దు మీరకుండా ఆపేది ఈస్ట్రోజన్. అండాశయాలు పనిచేయడం ఆగిపోతే కరగడం ఎక్కువై, పేరుకోవడం వెనకబడుతుంది. దీన్ని మొదట స్పష్టంగా చెప్పింది అమెరికాలో బోస్టన్ నగరపు డాక్టరు ఫుల్లర్ ఆల్‌బ్రైట్. వెన్నుపూసలు కుంగి నడుం వంగిపోయిన రోగులని చూస్తూ, వాళ్ళలో అత్యధికులు ముట్లు ఆగిన స్త్రీలేననీ, ఆపరేషన్ వల్ల ముట్లు ఆగిపోయినవాళ్ళు కూడా ఉన్నారనీ ఆయన గమనించాడు. 1940, 41ల్లో రాశాడు. అంటే ఈ జబ్బుని వైద్యం అర్థం చేసుకోవడం మొదలుపెట్టిందే అక్కని ఎవరూ అడగని ఆ ప్రశ్నతో! మరి మధ్యలో ఆ ప్రశ్న ఎక్కడ పోయింది?

మొదట అది మార్కెట్లో పోయింది. 1966లో రాబర్ట్ విల్సన్ అనే గైనకాలజిస్టు 'ఫెమినిన్ ఫరెవర్' అనే పుస్తకం రాసి, ముట్లాగడమే ఒక లోపమనీ, దానికి ఈస్ట్రోజనే మందనీ ప్రచారం చేశాడు. ఎముకల కోసం కంటే ఎప్పటికీ 'ఆడదానిలా' కనిపించడం కోసం లక్షలమంది ఆ మాత్రలు వాడారు. 1975లో ఈస్ట్రోజన్ ఒక్కటే వాడితే గర్భసంచి లోపలి పొరకి క్యాన్సర్ ముప్పు పెరుగుతుందని పరిశోధనలొచ్చాయి. ఆ తర్వాత ప్రొజెస్టిన్ కూడా కలిపి ఇచ్చారు. ఆ జంట మందుని 16,608 మంది స్త్రీలతో పరీక్షిస్తున్న అమెరికా ప్రభుత్వ అధ్యయనం 2002లో మధ్యలోనే ఆగిపోయింది. తుంటి ఎముక విరగడం తగ్గింది గానీ రొమ్ము క్యాన్సర్, పక్షవాతం, రక్తం గడ్డకట్టడం పెరిగాయి.

ఆ భయంలో ఒక ముఖ్యమైన తేడా మరుగున పడింది. ఆ అధ్యయనంలో ఉన్నది 50 దాటినవాళ్ళు. చిన్నవయసులోనే అండాశయాలు పోగొట్టుకున్నవాళ్ళ సంగతి వేరు. వేరే అడ్డంకులు లేకపోతే వాళ్ళకి సహజంగా ముట్లాగే వయసు వచ్చేదాకా హార్మోను ఇవ్వాలనే నేటి వైద్య సలహా. అక్కకి కావలసింది అదే. ఆ మాట చెప్పినవాళ్ళే లేరు.

రెండోసారి ఆ ప్రశ్న అంకెలో పోయింది. 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు టి స్కోరు మైనస్ 2.5 గానీ, అంతకంటే తక్కువ గానీ ఉంటే ఆస్టియోపోరోసిస్ అన్నారు. యౌవనంలో ఉన్న ఆరోగ్యవంతురాలైన తెల్లజాతి స్త్రీ సగటుతో పోల్చి వేసిన లెక్క అది. ఎంతమందికి జబ్బుందో అంచనా వెయ్యడానికి గీసిన గీత, మందు రాయడానికి గీతయింది. మైనస్ 1కీ 2.5కీ మధ్య ఉన్నవాళ్ళకి 'ఆస్టియోపీనియా' అని ఇంకో పేరు పెట్టారు. 1995లో అలెండ్రొనేట్ అనే మందుకి అమెరికాలో అనుమతి వచ్చింది. ఆ మందు తయారుచేసిన మెర్క్ కంపెనీయే ఎముకల కొలతని పెంచడానికి ఒక సంస్థని కూడా పెట్టింది.

అంకె అబద్ధం కాదు. కానీ అంకే ఎముక కాదు. ఈ సంగతి మన నల్లగొండ, ప్రకాశం జిల్లాల వాళ్ళకి ఒకరు చెప్పక్కర్లేదు. నీళ్ళలో ఫ్లోరైడ్ వల్ల ఎముకలు దెబ్బతింటున్నాయని అప్పటి నెల్లూరు జిల్లా గ్రామాల గురించి 1937లోనే వైద్యులు రాశారు. ఎక్స్‌రేలో ఆ ఎముకలు దట్టంగానే కనిపిస్తాయి, మనుషులు మాత్రం వంగి బిగుసుకుపోతారు. అయినా అదే ఫ్లోరైడ్‌ని అమెరికాలో గుల్లబారిన ఎముకలకి మందుగా ఇచ్చి చూశారు. 202 మంది స్త్రీలతో నాలుగేళ్ళు నడిపిన ఆ ప్రయోగం ఫలితాలు 1990లో వచ్చాయి. వెన్ను సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం చెప్పుకోదగ్గంత తగ్గలేదు. మిగతా ఎముకలు విరగడం ఇంకా ఎక్కువైంది.

అందుకే 2008లో వచ్చిన ఫ్రాక్స్ అనే లెక్క మళ్ళీ మనిషిని ప్రశ్నలడుగుతుంది. ఇంతకుముందు ఎముక విరిగిందా, అమ్మకో నాన్నకో తుంటి విరిగిందా, స్టెరాయిడ్లు వాడారా అని. 45 లోపే ముట్లాగిపోవడం కూడా లెక్కలోకొస్తుంది. ఆల్‌బ్రైట్ ప్రశ్న తిరిగొచ్చింది. అడిగేవాళ్ళుండాలి, అంతే.

మన దగ్గర అడగవలసిన అవసరం ఎంతుందో చూడండి. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నించి 49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీసేయించుకున్నవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 9 శాతం, తెలంగాణలో సుమారు 8 శాతం. దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర. వాళ్ళలో ఎందరికి అండాశయాలు కూడా తీశారో వాళ్ళకే తెలీకపోతే, రేపు వాళ్ళ ఎముకలు విరిగినప్పుడు అదీ 'వయసు' ఖాతాలోకే పోతుంది.

మందుల మీద నాకు కోపం లేదు. ఒకసారి ఎముక విరిగినవాళ్ళకి అవి నిజంగా మేలు చేస్తాయి. అక్క కూడా వారానికోసారి పరగడుపున మాత్ర వేసుకుని, గ్లాసుడు నీళ్ళు తాగి, నడుం వాల్చకుండా అరగంట అరుగుమీద కూచుంటుంది. ఆ అరగంటలో నీళ్ళకొచ్చే ఆడవాళ్ళని, "ఆపరేషన్ కాగితం దాచుకున్నావా? ఏమేం తీశారో చదివించుకున్నావా?" అని అడుగుతోంది.

కిందటి నెల నేను వెళ్ళేసరికి నాకోసం మూడు కాగితాలు తీసిపెట్టింది. మొదటిది తెరిచాను. ఆమె వయసు 29.