దించిన తెరచాప

ఆ మధ్య తరగతిలో ఒక విద్యార్థి నన్నడిగాడు: "మాస్టారూ, స్ట్రైక్ అంటే కొట్టడం గదా! చేతులు కట్టుకుని పని మానేసినవాణ్ణి స్ట్రైక్ చేశాడంటారేం? వాడెవర్ని కొట్టినట్టు?" తరగతంతా నవ్వింది. నేనూ నవ్వి, కాలక్రమాన మాటల అర్థాలు మారుతుంటాయని చెప్పి తప్పించుకున్నాను. ఇంటికి వచ్చాక ఆ జవాబు తలచుకుని సిగ్గుపడ్డాను. అర్థాలు వాటంతటవే మారవు, మార్చే మనుషులుంటారు.

ప్రాచీన ఆంగ్లంలో ఈ క్రియ రూపం 'స్ట్రీకన్'. అప్పట్లో దానికి దెబ్బతో పనిలేదు. తేలికగా తాకుతూ పోవడం, నిమరడం, నడిచిపోవడం దాని అర్థాలు. నిమరడానికి వాడే 'స్ట్రోక్', చారకు వాడే 'స్ట్రీక్' దీని దగ్గరి చుట్టాలే. కొట్టడమనే అర్థం మధ్యయుగాలలో వచ్చి చేరింది. ఆ తర్వాత సంతానం పెరిగింది. గడియారం గంట కొట్టినా, నాణెం ముద్ర వేసినా, అగ్గిపుల్ల గీసినా, బేరం కుదిరినా, జాబితాలోంచి పేరు కొట్టివేసినా స్ట్రైకే. కొలపాత్ర మీద పైకి లేచిన ధాన్యాన్ని కర్రతో చదును చేయడమూ స్ట్రైకే; అందులో పాత నిమురుడు ఇంకా కనిపిస్తూనే వున్నది.

వీటన్నిటిలో మన ప్రశ్నకు జవాబు నావికుల వాడుకలో వున్నది. 14వ శతాబ్ది చివరినాటికే తెరచాప దించడాన్ని వాళ్లు స్ట్రైక్ అనేవారు. యుద్ధంలో ఓడిన ఓడ జెండా దించేది, తెరచాప దించేది. అంటే ఆ మాట లొంగుబాటుకు గుర్తు.

1768లో ఇంగ్లండులో రొట్టె ధర మండిపోతున్నది. నావికుల జీతాలు మాత్రం పెరగలేదు. లండనులో, టెమ్సు నది మీద, వాళ్లు వర్తకుల ఓడలెక్కి తెరచాపలు దించివేశారు. కూలి పెంచేదాకా ఓడ కదలదన్నారు. మే నెలలో ఊరేగింపుగా వెళ్లి పార్లమెంటుకు అర్జీ పెట్టుకున్నారు. శత్రువు ముందు యజమాని తలవంచినప్పుడు చేసే పని, యజమాని ముందు తలవంచనని చెప్పడానికి పనికివచ్చింది. ఆ నెలలోనే లండను టోపీ పనివారు పని మానితే, వార్త రాసినవాడు వాళ్లకూ అదే క్రియ వాడాడు. టోపీలు కుట్టేవాడికి తెరచాప ఏది? మాట అప్పటికే ఒడ్డెక్కింది.

ఈ కథను పూలదండగా చేసి చెప్పడం న్యాయం కాదు. ఆ వేసవిలోనే బొగ్గు దించే కూలీలు కూడా పని ఆపితే, వారి పనికి నావికులను పెట్టారు. ఇద్దరికీ కొట్లాట జరిగింది. ఒక నావికుడు చచ్చిపోయాడు. జూలైలో ఏడుగురు బొగ్గు కూలీలను షాడ్వెల్‌లో ఉరితీశారు. తర్వాత 1799, 1800 చట్టాలు కార్మికులు కూడబలుక్కోవడాన్నే నేరం చేశాయి; అవి రద్దయింది 1824లో. చట్టం ఆ పనిని నిషేధించగలిగింది గాని, ఆ మాటను తుడిచివేయలేకపోయింది.

ఫ్రెంచివారి సంగతీ ఇటువంటిదే. వారు సమ్మెను 'గ్రెవ్' అంటారు. పారిసులో సేను నది ఒడ్డున పని దొరకనివాళ్లు కూలికోసం నిలబడే మైదానం పేరు అది. జర్మనులకు 'స్ట్రైక్' చుట్టమైన 'ష్ట్రైఖెన్' సొంత భాషలోనే వున్నది. అయినా సమ్మెకు 19వ శతాబ్దిలో ఇంగ్లీషు కార్మికుల మాటనే తెచ్చుకున్నారు. మన రైల్వే కార్మికులూ మిల్లు కార్మికులూ సమ్మె అన్నంత సులువుగా స్ట్రైకు అన్నారు.

మరునాడు తరగతికి వెళ్లి ఆ విద్యార్థికి ఇదంతా చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి, "అయితే వాళ్లు ఎవర్నీ కొట్టలేదన్నమాట, దించారు" అన్నాడు. ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. నిఘంటువులో ఒక మాటకు ఇరవై అర్థాలు కనిపిస్తే వరుసగా బట్టీ పట్టించకండి. ఆ అర్థం ఎవరి చేతుల్లోంచి వచ్చిందో పిల్లలను అడగనివ్వండి.