మామిడి పెరుగు ఐస్: ఇంట్లో చేస్తే రాయిలా గడ్డకట్టకుండా ఉండాలంటే ఏం చేయాలి?

ఎండాకాలం వచ్చిందంటే సూరత్‌లో శ్రీఖండ్, ఆమ్‌రస్ లేని ఇల్లు అరుదు. తెలంగాణ జిల్లాల నుంచి నేత పని కోసం వెళ్లి, లింబాయత్, ఉధనా వంటి ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ రుచులు అలవాటే. అక్కడ నగర పాలక సంస్థ నడిపే బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉందంటే, మనవాళ్లు ఎంతకాలంగా ఎంతమంది ఉన్నారో అర్థం చేసుకోవచ్చు.

సముద్రం దగ్గర కావడంతో సూరత్‌లో ఎండకు ఉక్కపోత తోడవుతుంది. బడి సెలవుల్లో పిల్లలు రోజూ ఐస్ అడుగుతారు. బయట కొంటే ఖర్చు ఒక బెంగ, అందులో వాడిన ఐస్ ఏ నీళ్లతో చేశారో తెలియకపోవడం మరో బెంగ. పెరుగు, పండు, చక్కెరతో ఇంట్లోనే చేసుకుందామంటే, చాలామందికి ఎదురయ్యే సమస్య ఒక్కటే. గిన్నె బయటికి తీస్తే చెంచా దిగదు. నోట్లో పెట్టుకుంటే మంచు పలుకులు తగులుతాయి.

అలా ఎందుకు అవుతుంది? ఏ పండు వాడాలి? డీప్ ఫ్రీజర్ లేనివాళ్లు ఏం చేయాలి? కొనేటప్పుడు లేబుల్ మీద ఏం చూడాలి?

శ్రీఖండ్, మఠో, ఫ్రోజెన్ యోగర్ట్: తేడా ఏంటి?

పెరుగును నూలు గుడ్డలో మూటగట్టి వేలాడదీస్తే నీరు కారిపోయి గట్టి ముద్ద మిగులుతుంది. దీన్ని గుజరాత్, మహారాష్ట్రల్లో 'చక్కా' అంటారు. అందులో చక్కెర, యాలకులు, కుంకుమపువ్వు కలిపి మెత్తగా చేస్తే శ్రీఖండ్. మామిడి గుజ్జు కలిపితే ఆమ్రఖండ్. గుజరాతీ ఇళ్లలో పండ్ల ముక్కలు వేసి కాస్త జారుగా చేసుకునేదాన్ని 'మఠో' అంటారు. వీటిని చల్లగా తింటారు కానీ గడ్డకట్టించరు.

పెరుగును ఐస్‌క్రీమ్‌లా గడ్డకట్టించి అమ్మడం 1970లలో అమెరికాలో మొదలైంది. హెచ్‌పీ హుడ్ అనే పాల కంపెనీ 'ఫ్రోగర్ట్' పేరుతో దాన్ని మార్కెట్‌లోకి తెచ్చింది. మనం ఇంట్లో చేసుకునేది ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. చక్కాతో మొదలుపెట్టి, పండు కలిపి, గడ్డకట్టించడమే.

రాయిలా ఎందుకు గడ్డకడుతుంది?

మామూలు పెరుగులో సుమారు 85 శాతం పైగా నీరే. దాన్ని కదపకుండా ఫ్రీజర్‌లో పెడితే ఆ నీరు నెమ్మదిగా పెద్ద పెద్ద మంచు పలుకులుగా మారుతుంది. వాటిని చిన్నవిగా ఉంచడానికి నాలుగు పనులు చేయాలి.

మొదటిది, నీరు తగ్గించడం. పెరుగును వడకట్టేది అందుకే.

రెండోది, వెన్న శాతం. నిబంధనల ప్రకారం ఫుల్ క్రీమ్ పాలలో కనీసం 6 శాతం, టోన్డ్ పాలలో 3 శాతం, డబుల్ టోన్డ్ పాలలో 1.5 శాతం కొవ్వు ఉంటుంది. కొవ్వు ఎక్కువుంటే మెత్తదనం వస్తుంది. అందుకే ఈ ఒక్కదానికి ఫుల్ క్రీమ్ పాలతో తోడుపెట్టిన పెరుగు మేలు.

మూడోది, చక్కెర. నీళ్లలో చక్కెర కరిగితే అది సున్నా డిగ్రీల దగ్గర గడ్డకట్టదు, ఇంకా చల్లబడాలి. అంటే చక్కెర తీపికే కాదు, మెత్తదనానికీ కావాలి. పూర్తిగా మానేస్తే రాయవుతుంది. మరీ ఎక్కువైతే అసలు గట్టిపడదు.

నాలుగోది, కలపడం. ఐస్‌క్రీమ్ యంత్రం చేసే పని అదే. గడ్డకడుతున్నప్పుడు తిప్పుతూ ఉండడంతో పలుకులు విరుగుతాయి, కొంత గాలి కూడా చేరుతుంది. ఇంట్లో ఆ పని చెంచాతోనో, ఫోర్క్‌తోనో చేయాలి.

ఏ పండు మంచిది?

పీచు లేని, గుజ్జు ఎక్కువున్న మామిడి అన్నిటికంటే సులువు. సూరత్‌కు దగ్గర్లోని వల్సాడ్ హాపుస్, సౌరాష్ట్ర నుంచి వచ్చే కేసర్ రెండూ సరిపోతాయి. గిర్ కేసర్‌కు 2011లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మన బంగినపల్లికి 2017లో వచ్చింది. బంగినపల్లి కోత పండు కాబట్టి ముక్కలు కోసి మిక్సీలో వేస్తే చక్కటి గుజ్జు వస్తుంది. రసాల మామిడి వాడితే గుజ్జును జల్లెడలో వేసి పీచు తీసేయాలి. సపోటా, సీతాఫలం, అరటి కూడా బాగుంటాయి. పుచ్చకాయ, ద్రాక్షలో నీరు ఎక్కువ. వాటి రసాన్ని పొయ్యి మీద పెట్టి సగానికి మరిగించి వాడాలి.

పచ్చి అనాస, బొప్పాయి, కివీలతో జాగ్రత్త. అనాసలో బ్రోమెలైన్, బొప్పాయిలో పపైన్, కివీలో యాక్టినిడిన్ అనే ఎంజైములు ఉంటాయి. ఇవి పాలలోని ప్రొటీన్‌ను విడగొడతాయి. కలిపి ఉంచిన కాసేపటికి పెరుగు చేదెక్కడానికి కారణం ఇదే. ముక్కలను చక్కెరతో కలిపి కొన్ని నిమిషాలు ఉడికించి, పూర్తిగా చల్లారాక కలిపితే ఆ సమస్య ఉండదు.

మామిడి కొనేటప్పుడు ఇంకో సంగతి. కాల్షియం కార్బైడ్‌తో మగ్గబెట్టడం చట్టప్రకారం నిషేధం. ఎథిలీన్ వాయువును పరిమితికి లోబడి వాడడానికి మాత్రం ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అనుమతించింది. పైన పసుపు తిరిగి, లోపల పుల్లగా, గట్టిగా ఉండి, వాసన లేని కాయ ఈ పనికి రాదు. కాయలను బాగా కడిగాకే కోయాలి.

కొలతలు, చేసే పద్ధతి

ఎనిమిది చిన్న కప్పులకు కావలసినవి: గట్టి తాజా పెరుగు 1 కిలో, మామిడి గుజ్జు 300 గ్రాములు, చక్కెర 110 గ్రాములు, యాలకుల పొడి పావు చెంచా, చిటికెడు ఉప్పు. పుల్లటి పెరుగు వద్దు. పులుపు కప్పిపుచ్చడానికి చక్కెర పెంచాల్సి వస్తుంది.

1. పెరుగును ఉడికించి ఆరబెట్టిన పలుచని నూలు గుడ్డలో మూటగట్టాలి. జల్లెడలో పెట్టి, కింద గిన్నె ఉంచి, ఐదారు గంటలు ఫ్రిజ్‌లోనే వదిలేయాలి. ఎండాకాలంలో బయట వేలాడదీస్తే పులిసిపోతుంది. చివరికి 400 నుంచి 450 గ్రాముల ముద్ద మిగులుతుంది.

2. మామిడి గుజ్జులో చక్కెర, ఉప్పు వేసి పూర్తిగా కరిగేదాకా కలపాలి. నోట్లో పలుకు తగలకూడదు.

3. చక్కాను చెంచా వెనక వైపుతో జల్లెడ మీద రుద్ది మెత్తగా చేయాలి. అందులో గుజ్జు, యాలకుల పొడి కలపాలి. రుచి చూసినప్పుడు మనం తినే తీపి కంటే కాస్త ఎక్కువ అనిపించాలి. చల్లబడ్డాక నాలుకకు తీపి తక్కువ తెలుస్తుంది.

4. వెడల్పాటి స్టీలు డబ్బాలో రెండు అంగుళాల మందం మించకుండా పోసి, మూతపెట్టి ఫ్రీజర్‌లో ఉంచాలి. స్టీలు తొందరగా చల్లబడుతుంది. ఎంత తొందరగా గడ్డకడితే పలుకులు అంత చిన్నగా ఉంటాయి.

5. ముప్పావు గంటకోసారి బయటికి తీసి, అంచుల దగ్గర గట్టిపడినదాన్ని మధ్యలోకి లాగుతూ కలపాలి. ఇలా మూడు నాలుగుసార్లు చేశాక, మరో నాలుగైదు గంటలు కదపకుండా వదిలేయాలి.

6. తినడానికి పది నిమిషాల ముందు ఫ్రీజర్‌లోంచి కింది అరలోకి మార్చాలి.

వడకట్టగా వచ్చిన నీటిని పారబోయకండి. అందులో కాల్షియం, కొంత ప్రొటీన్ ఉంటాయి. చపాతీ పిండి కలపడానికో, మజ్జిగ పులుసులోకో వాడుకోవచ్చు.

డీప్ ఫ్రీజర్ లేకపోతే?

మంచి ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉంటుంది. సింగిల్ డోర్ ఫ్రిజ్‌లోని ఐస్ బాక్స్ సాధారణంగా అంత చల్లబడదు. అలాంటి ఇళ్లలో పాత పద్ధతి ఒకటి ఉంది. గుజరాత్‌లో చేత్తో తిప్పే 'సంచా' ఐస్‌క్రీమ్ పనిచేసేది దాని మీదే.

ఐస్‌లో ఉప్పు కలిపితే ఐస్ కరుగుతుంది, కానీ ఆ మిశ్రమం సున్నా కంటే కిందికి చల్లబడుతుంది. పాళ్లు సరిగ్గా కుదిరితే మైనస్ 21 డిగ్రీల దాకా వెళుతుంది. పెద్ద బకెట్‌లో పగలగొట్టిన ఐస్ మూడు వంతులు, రాళ్ల ఉప్పు ఒక వంతు పొరలుగా వేసి, మధ్యలో గట్టి మూత ఉన్న స్టీలు డబ్బా పెట్టాలి. డబ్బాను అటూ ఇటూ తిప్పుతూ, మధ్యమధ్యలో మూత తీసి లోపల కలుపుతూ ఉంటే అరగంట, ముప్పావు గంటలో చిక్కబడుతుంది. మూత తీసే ముందు అంచులు తుడవాలి. లేకపోతే ఉప్పునీళ్లు లోపల పడతాయి. ఆ మిశ్రమాన్ని ఉత్త చేత్తో పట్టుకుంటే చర్మం దెబ్బతింటుంది. పిల్లల్ని దూరంగా ఉంచాలి.

బకెట్‌లోకి ఏ ఐస్ అయినా పర్వాలేదు కానీ, తినే పదార్థంలో కలపకూడదు. చేపలు, సరుకుల నిల్వకు తయారుచేసే ఐస్ తాగునీటితో చేసినది కాకపోవచ్చు. రెండూ కలిసిపోకుండా, తినడానికి పనికిరాని ఐస్‌కు నీలం రంగు కలపాలని ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లో ఆదేశించింది.

కరెంటు పోతే పనికొస్తుందా?

గడ్డకట్టినంత మాత్రాన సూక్ష్మజీవులు చచ్చిపోవు. నిద్రపోతాయంతే. కరిగితే మళ్లీ పెరుగుతాయి. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తెరవకపోతే 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లదనం నిలుపుకుంటుందని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతోంది. చిన్న ఐస్ బాక్స్‌కు ఈ లెక్క వర్తించదు.

పాల పదార్థాలను గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచకూడదు. వేడి 32 డిగ్రీలు దాటితే గంటే గడువు. సూరత్‌లోనైనా, వరంగల్‌లోనైనా మే నెలలో పాటించాల్సింది ఈ రెండో లెక్కనే. అంతకు మించి కరిగి ఉన్నదాన్ని మళ్లీ గడ్డకట్టించి పిల్లలకు పెట్టొద్దు. ఇంట్లో చేసినది వారం, పది రోజుల్లో తినేస్తే రుచి బాగుంటుంది.

కొనేవాళ్లు లేబుల్‌పై ఏం చూడాలి?

ఎఫ్ఎస్ఎస్ఏఐ ప్రమాణాల ప్రకారం 'ఐస్‌క్రీమ్' అని అమ్మాలంటే కనీసం 10 శాతం పాల కొవ్వు ఉండాలి. 'మీడియం ఫ్యాట్' అంటే 2.5 నుంచి 10 శాతం మధ్య, 'లో ఫ్యాట్' అంటే 2.5 శాతానికి మించకుండా ఉంటుంది. 'ఫ్రోజెన్ డెజర్ట్' అని ఉంటే, పాల కొవ్వు బదులు వంట నూనెలో, వెజిటబుల్ ఫ్యాట్‌లో వాడి ఉండొచ్చు. ఎంత వాడారో లేబుల్ మీద రాయాలి. ఈ పేర్ల గొడవ కోర్టుకూ వెళ్లింది. అమూల్ ప్రకటనలు తమ ఉత్పత్తులను కించపరుస్తున్నాయని హిందుస్థాన్ యూనిలీవర్ 2017లో బాంబే హైకోర్టుకు వెళ్లగా, వాటిని ఆపాలని కోర్టు అదే ఏడాది ఆదేశించింది.

పరిమాణం లీటర్లలో ఉంటుంది కాబట్టి బరువు కూడా చూడాలి. లీటరు ఐస్‌క్రీమ్ కనీసం 525 గ్రాములు తూగాలి. మిగతాది చాలావరకు గాలే. శ్రీఖండ్ డబ్బా అయితే చక్కెర చూడాలి. నీరు తీసేయగా మిగిలే పదార్థంలో 72.5 శాతం దాకా చక్కెర ఉండడానికి నిబంధనలు అనుమతిస్తున్నాయి.

ఎవరు ఎంత తినొచ్చు?

పైన చెప్పిన కొలతతో ఒక్కో కప్పులో విడిగా కలిపిన చక్కెర సుమారు 14 గ్రాములు. అలాంటి చక్కెర రోజుకు సుమారు 25 గ్రాములు మించకపోతే పెద్దవాళ్ల ఆరోగ్యానికి మరింత మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తోంది. టీలో వేసుకునేదీ ఆ లెక్కలోకే వస్తుంది. అంటే కప్పుతో ఆపేయాలి. మధుమేహం ఉన్నవాళ్లు పండులోని తీపిని కూడా లెక్కలో వేసుకోవాలి. చక్కెర బదులు తేనె వేస్తే ఏడాదిలోపు పిల్లలకు అసలు పెట్టకూడదు. తేనె వల్ల వాళ్లకు బొట్యులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఎండదెబ్బకు ఇది మందు కాదు. మగ్గం దగ్గరో, డైయింగ్ యూనిట్‌లోనో చెమటోడ్చి వచ్చినవాళ్లకు ముందు కావలసింది నీళ్లు, ఉప్పు వేసిన పలుచని మజ్జిగ. పెరుగు ఐస్ ఆ తర్వాతే.